అన్నయ్య ఎదుట కాల్చని పైపులు

ఎనభైల మధ్యలో ఒంగోలు నుంచి బదిలీ మీద గుంటూరు పెద్దాసుపత్రికి, చెవి, ముక్కు, గొంతు విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా వచ్చాను. పగలు ఆసుపత్రి, సాయంత్రం బ్రాడీపేటలో సొంత క్లినిక్. ప్రభుత్వ వైద్యులకు అప్పట్లో ఆ వెసులుబాటు ఉండేది.

ఒక సాయంత్రం క్లినిక్‌కి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. పెద్దాయన దర్శి దగ్గర పొగాకు రైతు. చిన్నాయన మద్రాసులో పేరుమోసిన సినిమా దర్శకుడు. రోగి పేరు బయటపెట్టకపోవడం మా వృత్తి నియమం కాబట్టి పేరు చెప్పను. వారపత్రికలో ఆయన ఫొటో పడిందంటే నోట్లో పైపు ఉండాల్సిందే. ఆ రోజు మాత్రం పైపు లేదు, మెడకు మఫ్లర్ ఉంది.

"గొంతు బొంగురుపోయి చాలా నెలలైందటండీ. లొకేషన్లు చూసుకోవడానికి ఊరొచ్చాడు. ఆ గొంతు వినలేక నేనే లాక్కొచ్చా," అన్నారు పెద్దాయన.

పరీక్షకు ముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. వరసలో, "పొగ తాగే అలవాటుందా?" అని అడిగాను.

దర్శకుడు అన్నగారి వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. "లేదండి," అన్నారు.

పెద్దాయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, రోడ్డు మీద ఆటోలను చూస్తూ నిలబడ్డారు. రాష్ట్రమంతా ఎరిగిన దర్శకుడు, జుట్టు నెరిసిన మనిషి, అలా తల దించుకుని అబద్ధమాడుతుంటే నాకే సిగ్గేసింది.

వేడిచేసిన చిన్న అద్దాన్ని అంగిట్లో ఆనించి, దాని మీదికి వెలుతురు పంపి స్వరపేటికను చూస్తాం. ఎడమ స్వరతంత్రి మీద గరుకుగా కండ పెరిగి ఉంది. ఆ తంత్రి కదలడం లేదు. కదలడం లేదంటే జబ్బు లోతుకు దిగిందన్నమాట. ముక్క తీసి పరీక్షకు పంపాలని మాత్రం చెప్పాను.

మర్నాడు ఉదయం దర్శకుడు ఒక్కరే మా ఇంటికి వచ్చారు. చేతిలోని తోలుసంచి బల్లమీద పెట్టారు. దాన్నిండా పైపులు. ప్రతి పైపు కొనా పళ్ళగాట్లతో అరిగిపోయి ఉంది.

"నిన్న అబద్ధం చెప్పానండీ. నిద్రలేచింది మొదలు ఇదే పని. షాట్‌కీ షాట్‌కీ మధ్య నింపాల్సిందే. నిప్పు ఆరిపోయినా నోట్లోంచి తీయను. ఇది లేకపోతే బుర్ర పనిచేయదని యూనిట్‌లో గొప్పగా చెప్పేవాణ్ణి. నన్ను చూసి మా అసిస్టెంట్లూ మొదలెట్టారు."

"మరి నిన్న ఎందుకలా అన్నారు?"

"నాన్న పోయాక నన్ను చదివించింది అన్నయ్యేనండీ. పొగాకు పండిస్తాడు గానీ చుట్ట కూడా ముట్టడు. ఆయన ముందు నేనెప్పుడూ కాల్చలేదు. ఊరొస్తే పెరటి దడి వెనక్కి పోయి కాల్చుకునేవాణ్ణి. వీటిని మీ దగ్గరుంచండి. ఆయన కంట పడకూడదు."

మొదట్లోనే మద్రాసులో చూపించుకోవాల్సిందన్నాను.

"చూపించుకుంటే పత్రికల్లో పడుతుంది. పైపు వల్లే అని రాస్తారు. అన్నయ్య చదువుతాడు," అన్నారాయన.

రిపోర్టు క్యాన్సరనే వచ్చింది. తంత్రి కదులుతున్న దశలో వచ్చి ఉంటే రేడియేషన్‌తో గొంతు నిలిచేదేమో. ఇప్పుడు స్వరపేటిక మొత్తం తీసేసి, ఊపిరికి మెడ దగ్గర రంధ్రం చేయాలి. ఇక మాట రాదు. ఆపరేషన్ మా ప్రొఫెసర్‌గారు చేశారు, నేను సహాయకుణ్ణి.

ఆపరేషన్‌కు ముందు, అంగీకారపత్రం మీద సంతకం చేసిన పెద్దాయన నన్ను వరండాలోకి పిలిచారు.

"వాడి పైపులు మీ దగ్గరున్నాయా అండీ?"

నేను చేతిలోని కేసు కాగితాలు సర్దుకోసాగాను.

"నాకు తెలుసులెండి. మా ఊరికి పత్రికలు రావా? తెలిసిందంటే వాడు సిగ్గుపడతాడని తెలియనట్టే ఉన్నా. ఒరేయ్, మానెయ్యరా అని నోటిదాకా వచ్చేది. నా బ్యారన్ కొట్టంలో వేడికి ఆరబెట్టిన పొగాకు అమ్మిన డబ్బుతోనే వాణ్ణి చదివించా. ఏ మొహం పెట్టుకుని చెప్పనండీ?"

ఆపరేషనయ్యాక, ముక్కులో గొట్టంతోనే ఆహారం ఇస్తున్న రోజుల్లో, తమ్ముడి మంచం పక్కన కూర్చుని ఆయన ఆ మాట చెప్పేశారు. "ఒరేయ్, నాకు మొదట్నుంచీ తెలుసురా."

మాటకు బదులు రాసి చూపడానికి ఇచ్చిన పలకను దర్శకుడు అందుకున్నారు.  రాయకుండానే దాన్ని పక్కన పెట్టి దుప్పటి మొహం మీదికి లాక్కున్నారు. మెడ దగ్గరి రంధ్రానికి అడ్డం పడకుండా పెద్దాయన ఆ దుప్పటిని మెల్లగా కిందికి సర్ది, తన మొహం పక్కకు తిప్పుకున్నారు. కట్టు చూడటానికి వెళ్ళిన నేను గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాను.

దర్శకుడు ఆ తర్వాత కొన్నేళ్ళు బతికారు గానీ సినిమా తీయలేదు. పైపులు అడగలేదు. ఆయన పోయాక, అవి నా దగ్గరున్నాయని ఎలాగో తెలుసుకుని అభిమానులు కొందరు వచ్చి, ప్రదర్శనకు పెడతాం ఇమ్మన్నారు. కుటుంబం ఒప్పుకోనిదే ఇవ్వనన్నాను. పెద్దాయనకు కబురు చేస్తే, "కాల్చెయ్యండి," అన్నారు. అలాగే చేశాను.

ఆ కేసు తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. పొగ అలవాటు గురించి అడిగేటప్పుడు వెంట వచ్చినవాళ్ళను బయట కూర్చోబెట్టేవాణ్ణి. రోగి లేదన్నా, వేళ్ళూ పళ్ళూ చూశాకే నమ్మేవాణ్ణి. జబ్బు ముదిరాక వచ్చేవాళ్ళు భయంవల్ల ఆలస్యం చేస్తారని అంతకుముందు అనుకునేవాణ్ణి. సిగ్గువల్ల కూడా చేస్తారు.