గుప్పెడు పత్తి

నా చిన్నప్పుడు మా తాతయ్య రాయచూరు పత్తి మార్కెట్లో సరుకు నాణ్యం చూసేవాడు. బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, మధ్యలోంచి గుప్పెడు పత్తి తీసి, బొటనవేళ్లతో లాగి పోగు పొడవు చెప్పేవాడు. ఏ బస్తానూ తిట్టగా నేను వినలేదు. ఆకు చెత్త ఇంత ఉంది, తేమ ఇంత ఉంది అనేవాడు, అంతే.

ఒక ఏడు మా చెల్లెలు జ్వరంతో పోయింది. ఇంట్లో ఎవరూ దాని మాట ఎత్తేవారు కాదు. నేను మాత్రం చాటుగా ఒక కథ రాశాను. అందులో చెల్లెలికి జ్వరం తగ్గి, ఇడపనూరులో మేనత్త ఇంటికి వెళ్తుంది. రాశాక చదువుకుంటే అది మా చెల్లెలే కాదు. దాన్ని మళ్లీ పోగొట్టుకున్నాననిపించింది. నామీద నాకే కోపం వచ్చి కాగితాలు పొయ్యిలో పెట్టబోతుంటే తాతయ్య చూశాడు.

"ఏందమ్మా గది?"

"చెల్లె కథ. ఖరాబుంది తాతా."

"ఆకున్నదని పత్తిని పొయ్యిల పెడ్తరా, పిచ్చిదానా? సదువు, నేను ఇంటా."

ఆయన ఉర్దూ బడిలో చదివినవాడు, తెలుగు అక్షరాలు రావు. నేనే పైకి చదివాను. మార్కెట్ నుంచి తెచ్చిన పత్తి ఒళ్లో పెట్టుకుని, ఆకు ముక్కలు ఏరుతూ విన్నాడు. 'దేవత లాంటి చెల్లి' అన్నచోట ఒక ముక్క తీసి పక్కన పెట్టాడు. 'కన్నీళ్లు కాలువలై' అన్నచోట ఇంకొకటి. చెల్లెలు చెప్పులు తారుమారుగా వేసుకుని, సరిచేయబోతే పరుగెత్తిందని చదివినప్పుడు ఆయన చేతులు ఆగాయి.

"గిది ఇంకోపారి సదువు."

చదివాను. ఆయన పత్తిని మెల్లగా లాగి ఎండకు ఎత్తాడు. వేలి కణుపంత పొడవున పోగులు, ఒక్కొక్కటీ విడివిడిగా మెరిశాయి. మాసినట్టున్న ఆ గుప్పెడు పత్తిలోనే ఇవి ఉన్నాయా అని ఊపిరి బిగబట్టి చూశాను.

"ఆకు అంటుకునుడు పత్తి తప్పు కాదు బిడ్డా. తెంపేటప్పుడు వస్తది. ఏరెయ్యాలె." పత్తి మళ్లీ ఒళ్లో పెట్టుకుని, "చెప్పు సరిజేస్తుంటే నన్ను కొర్కుతుండె," అని నవ్వాడు. చెల్లెలు పోయాక ఇంట్లో దాని గురించి విన్న మొదటి మాట అది. కథలో రాసుకున్నాను.

పోయిన ఏడు మా ఆయన కాలం చేశారు. ఆయన ఇంకా బతికి ఉన్నట్టుగానే ఒక కథ రాస్తున్నాను. చదివితే చెయ్యి చింపడానికే పోతుంది. అప్పుడు కాగితాలు ఒళ్లో పెట్టుకుని పైకి చదువుతాను. నిన్న పది వాక్యాలు తీసేశాను. టీ సాసర్లో పోసి, ఊది, మొదట నాకే ఇచ్చేవారన్న చోట నా చేతులు ఆగాయి.