పరదా వెనక చెవి

నిజాం జమానాలో, దబీర్‌పురాలో మాండలిన్లు చేసే ఉస్తాద్ దగ్గరికి ఒకరోజు కొట్లాటకే వెళ్ళాను. ఇస్తానన్న గడువు దాటి నాలుగు నెలలైంది మరి. ఆయన మాత్రం నవ్వి, నా మాండలిన్ తీసి శ్రుతి చెయ్యడం మొదలుపెట్టాడు. దాని తీగలు జంటలుగా ఉంటాయి; జంటలోని రెండూ ఒక్కటిగా పలకాలి. ఆయన ఒక్కో జంటనూ మీటి, ఇంటి గుమ్మానికి వేలాడే పరదా వైపు తిరిగి అడిగేవాడు.

"కలిసినయా?"

"ఇంక కలవలే. జర బిగియ్యుండ్రి," అనేది లోపలినుంచి ఆయన భార్య. ముప్పై ఏళ్లుగా ఆమె సరేనంటేనే మాండలిన్ గడప దాటేదట.

అన్నిటికంటే సన్నగా పలికే చివరి జంట దగ్గర ఆమె వెంటనే, "కలిసినయ్," అంది.

కలవలేదు. నేను నోరు తెరవబోతే ఉస్తాద్ పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"శభాష్ బేగం!" అని లోపలికి గట్టిగా కేకేసి, నాతో మెల్లగా అన్నాడు: "ఆమెకు ఈమధ్య సరిగ్గ వినొస్తలేదు భాయ్. గిదే ఆఖరి మాండలిన్. ఇగ చెయ్య."

నా కోపం ఎటుపోయిందో తెలియదు. మాండలిన్ ఇంటికి తెచ్చుకున్నాను. ఆ ఒక్క జంటను సరిచెయ్యడానికి చాలా రోజులు నాకు చేతులు రాలేదు.