క్వాయర్ జాబితాలో మా ఆయన పేరు

ఆ వారం పుట్టినరోజు, పెళ్లిరోజు ఉన్నవాళ్ల పేర్లు ఆదివారం ఆరాధనలో చదవడం మా చర్చి పద్ధతి. పేరు వినగానే ముందుకు వెళ్లి నిలబడితే పాస్టర్‌గారు ప్రార్థన చేస్తారు. మనిషి ఊళ్లో లేకపోతే ఇంట్లోవాళ్లు బదులుగా వెళ్తారు. ఆ జాబితా తీసే ప్రోగ్రాం రాసింది నేనే. పటమటలో ఒక చిన్న కంపెనీలో పైథాన్‌ భాషలో ప్రోగ్రాంలు రాయడమే నా ఉద్యోగం కాబట్టి, ఎవరూ అడక్కుండానే నెత్తికెత్తుకున్నాను.

కొత్తగా బదిలీ మీద వచ్చిన పాస్టర్‌గారు ఒక ఆదివారం పుట్టినరోజుల్లో మా ఆయన పేరు చదివారు. ఆయన క్వాయర్‌లో తబలా వాయించేవారు. పోయి అప్పటికి ఎనిమిది నెలలు. చర్చంతా బిగుసుకుపోయింది. నా పక్కనున్న అత్తయ్య మాత్రం కొంగు తలమీదికి లాక్కుని లేచి నడిచారు, కొడుకు క్యాంపుకి వెళ్లినప్పుడల్లా వెళ్లినట్టే. సగం దూరంలో ఆగి నా వైపు చూశారు. ఆ చూపు పగవాళ్లకి కూడా వద్దు.

ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా లాప్‌టాప్ తెరిచాను. మూడు వారాల్లో మా పెళ్లిరోజు. మళ్లీ ఆ పేరు పిలిస్తే ఆవిడ తట్టుకోలేరు.

తప్పు తొందరగానే దొరికింది. ప్రోగ్రాంలో సభ్యులందరికీ ఒక మూల క్లాసు, అంటే అచ్చులాంటిది, ఉంది. మరణ తేదీ ఉన్నవాళ్లని జాబితాలోంచి తీసేసే కోడ్ ముక్క, ఫంక్షన్, అందులోనే ఉంది. అందులోవన్నీ వచ్చేలా ఆ క్లాసు నుంచి వారసత్వం తీసుకుని క్వాయర్‌కి ఇంకో క్లాసు రాశాను. వాయిద్యం పేరు కూడా రావాలని అదే ఫంక్షన్‌ని అక్కడ మళ్లీ రాశాను గానీ, సూపర్ అని పెట్టి మూల క్లాసులోని దాన్ని పిలవలేదు. దాంతో క్వాయర్‌వాళ్లకి ఆ తనిఖీ జరగడమే లేదు. ఆఫీసులో కొత్తవాళ్లు ఇదే పని చేస్తే ఎన్ని చీవాట్లు పెట్టానో! బుద్ధి లేదటే నీకు అని తిట్టుకుంటూ ఆ ఒక్క లైను చేర్చాను.

ప్రోగ్రాంని మా పెళ్లిరోజు వారానికి నడిపి చూశాను. ఆయన పేరు వచ్చింది, పక్కన తబలా అని.

ఒళ్లు మండిపోయింది. మళ్లీ నడిపాను. మళ్లీ వచ్చింది.

"దొరికిందా అమ్మాయ్?" అత్తయ్య కాఫీ పట్టుకొచ్చి వెనక నిలబడ్డారు.

"సరిచేశానత్తయ్యా, అయినా వస్తోందండీ."

"మరి పోయినేడు చనిపోయిన క్వాయర్ వయొలిన్ మాస్టారిదో?"

మాస్టారి పుట్టినరోజు వారానికి నడిపి చూశాను. ఆయన పేరు రాలేదు. అంటే కోడ్ బాగానే ఉంది. ఇక మా ఆయన వివరాల పేజీ తెరవక తప్పలేదు. మరణ తేదీ గడి ఖాళీగా ఉంది.

ఎవరు పోయినా సమాధి చేసిన మర్నాడే ఆ గడి నింపేది నేనే. ఆయనది మర్చిపోలేదు. రెండుసార్లు ఆ పేజీ తెరిచి మూసేశాను. నా చేత్తో అది రాయలేకపోయాను, అంతే. కోడ్‌లో తప్పు దొరికినప్పుడు, ఇక ఆ పేజీ జోలికి వెళ్లక్కర్లేదని ఎంత సంతోషపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అత్తయ్యకి అర్థమైపోయింది. నా భుజం మీద చెయ్యి వేసి, "నేను చెప్తానమ్మా, నువ్వు కొట్టు" అన్నారు. తేదీ, నెల, సంవత్సరం నెమ్మదిగా చెప్పారు. నేను ఏడుస్తూనే కొట్టాను.

మళ్లీ నడిపాను. పెళ్లిరోజులు జంటగానే వస్తాయి. ఆయనతో పాటు నా పేరు కూడా పోయి, జాబితా ఖాళీ అయింది.

"ఆ వారం ఎవరూ లేరా?" అన్నారు అత్తయ్య.

"లేరండీ," అన్నాను.