సన్నాయి నేర్చుకునే చోటు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒక బంద్ నాడు ఎల్‌బీ నగర్ బస్టాపులో చిక్కుకుపోయాను. పక్కన ఒకాయన సన్నాయిపై ఒకే వరసను తప్పుతూ మళ్లీ మళ్లీ ఊదుతున్నాడు.

"ఏందన్నా ఈ లొల్లి? ఇంట్ల ఊదుకోరాదు?" అని ఒకడు కసిరాడు.

"నేర్వకుంటె మేళంల ఉండనియ్యరు. ఇంట్ల ఊదితె ఓనరు ఉండనియ్యడు. రోజూ బస్సుల మోతల ఈడనే నేర్చుకుంట. ఇయ్యాల బస్సుల్లేవు, నీకు ఇనబడ్డది!"

అంతలో జెండాలతో ఊరేగింపు వచ్చింది. "కాకా, ముంగట నడువు, ఊదు!" అన్నారు కుర్రాళ్లు.

ఆయన మండిపడ్డాడు. "పెండ్లికి గావాలె, జులూసుకు గావాలె. నేర్చుకుంటాంటె మాత్రం ఎవ్వనికీ పడదు. ఇది కుదిరినంక వస్త, పోండ్రి!"

మళ్లీ అక్కడే తప్పాడు. మళ్లీ ఊదాడు.

నిన్న మా అపార్ట్‌మెంట్ వాళ్లు వచ్చారు. పై అంతస్తు అమ్మాయి వయొలిన్ సాధన ఆపించాలట, నా సంతకం కావాలట. వాళ్ల ముఖం మీదే తలుపు వేశాను.