బజ్జీల బండి మీద పీహెచ్‌డీ

మొన్న మా అమ్మాయి పీహెచ్‌డీలో ఒక అధ్యాయం కర్మన్‌ఘాట్‌లో మిర్చిబజ్జీల బండి మీద దొరికింది. నవ్వకండి. అక్కడిదాకా చేర్చింది నేనే!

మా స్వప్న పుణెలో పాత పత్రికల మీద పరిశోధన చేస్తున్నది. ఇద్దరు పిల్లలూ దూరంగానే ఉంటారు. వాళ్లేదైనా అడిగితే చాలు, నాకు సంబరం, పరేషాన్ రెండూ ఒకేసారి మొదలవుతాయి.

"నాన్నా, నాయనమ్మ దాచుకున్న వారపత్రికలన్నీ పంపవా? వచ్చేవారం మా మేడమ్‌కు చూపియ్యాలె. జర పైలం!" అన్నది ఫోన్లో.

పైలం అని అంత జాగ్రత్త చెప్పాక నేనూరుకుంటానా? అటక మీది పెట్టె దించితే అంతా దుమ్ము. స్వప్నకు దుమ్ము పడదు, తుమ్ములు ఆగవు. పైగా తుప్పు పట్టిన పిన్నులు. గుచ్చుకుంటే అక్కడ టీటీ ఇంజెక్షన్ ఎవరు చేయిస్తారు? అందుకని, మా చిన్నప్పుడు అందరిళ్లల్లో చేసినట్టే చేశాను. ప్రతి సంచికలోంచీ సీరియల్ పేజీలు మాత్రం తీసి, వరుసగా పేర్చి, చైతన్యపురిలో కోచింగ్ పిల్లల నోట్సు కుట్టే షాపులో బైండింగ్ చేయించాను. మూడు నవలలు! ఎర్ర కాలికో గుడ్డ అట్ట, పైన లేబుల్. మిగిలిన పేజీలు పాత పేపర్ల దుకాణంలో ఇచ్చేశాను.

మర్నాడు వీడియో కాల్‌లో గర్వంగా చూపించాను.

"మంచిగున్నయి నాన్నా. మరి పత్రికలేవి?"

"ఇవే కద!"

"మిగతా పేజీలు?"

"వాటిల్ల ఏముందమ్మా? పళ్లపొడి ప్రకటనలు, వంటలు, నా ఉత్తరం ఒక్కటీ వేసుకోని పాఠకుల ఉత్తరాల పేజీలు..."

స్వప్న మొహం ఫోన్ తెర నిండా వచ్చింది.

"నాన్నా, నా చాప్టరే అవి! ఇప్పుడు పత్రికల చరిత్ర రాసేటోళ్లు కథలొక్కటే చూడరు. కథ పక్కన ఏ ప్రకటన ఉంది, ఎవరు ఉత్తరం రాసిండ్రు, చదివినోళ్లు అంచుల్ల ఏం గీసుకున్నరు, అన్నీ చూస్తరు. నాయనమ్మ పెన్సిల్ రాతలన్నీ వంటల పేజీల మీదనే ఉన్నయి!"

సంచి అందుకుని పాత పేపర్ల దుకాణానికి పరుగెత్తాను; చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తులేదు. దుకాణమాయనేమో, "బజ్జీల యాదమ్మ ఇప్పుడే తీస్కపోయింది సారూ" అన్నాడు. ఆటోలో కర్మన్‌ఘాట్ చేరేసరికి యాదమ్మ ఒక పేజీలో నాలుగు బజ్జీలు చుడుతున్నది.

"అక్కా, ఆపు! మా బిడ్డ పీహెచ్‌డీ నీ దగ్గరున్నది!"

"గదేంది సారూ? నా దగ్గర మిర్చి, ఆలు, గంతే."

సంగతి చెబితే పాపం కట్టంతా ఇచ్చేసింది. "మరి బజ్జీలు దేంట్ల కట్టియ్యాలె?" అంటే నా సంచిలోని ఆ రోజు పేపర్ ఇచ్చాను. కొన్ని పేజీలు అప్పటికే బజ్జీలతో వెళ్లిపోయాయి. యాదమ్మ చేతిలోని పేజీ కోసం ఆ నాలుగు బజ్జీలూ నేనే కొన్నాను. వంటల పేజీ. సగం నూనె. పులిహోర పక్కన మా అమ్మ గుండ్రటి అక్షరాలు: "ఇంత ఉప్పా! వీళ్లు వండింది వీళ్లు తినరా?"

బండి దగ్గర నిలబడే నవ్వాను. కళ్లు కూడా మండాయి. మిర్చి ఘాటనుకోండి.

ఇంటికొచ్చి ఫొటో పంపి, "మరక పోవడానికి పౌడర్ చల్లనా?" అని అడిగాను.

"ముట్టకు నాన్నా! అట్లనే పంపు. కింద ఫుట్‌నోట్ రాస్త. 'ఈ పేజీ మీది నూనె మరక పరిశోధకురాలి తండ్రి పుణ్యం' అని."

ఏండ్ల తరబడి పత్రికలకు ఉత్తరాలు రాశాను, ఒక్కటీ అచ్చు కాలేదు. మొత్తానికి ఇప్పుడు నేనూ అచ్చుకెక్కుతున్నాను. నూనె మరకగా!