నీళ్ళ అవతలి నుంచి వచ్చిన కబురు

పోయిన నెల మా కోడలు కొత్త ఫోం పరుపు తెప్పించి, నా పెళ్ళినాటి దూది పరుపును వరండాలోకి తీయించింది. కుట్లు ఊడి, దూది గడ్డలు కట్టి ఉన్న దాన్ని పారేయడానికి మనసొప్పక, ఏకి మళ్ళీ కుట్టిచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని వనపర్తి బజారంతా అడిగించాను. ఆ పని తెలిసినవాళ్ళు ఇప్పుడు లేరట, వాళ్ళ పిల్లలు సెల్‌ఫోను దుకాణాలు పెట్టుకున్నారట. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఎండలు ముదిరే వేళకు భుజాన పెద్ద విల్లు వేసుకుని, దాని నారిని టంగుటంగుమని మోగిస్తూ వీధిలోకి వచ్చే మనిషి, వాకిట్లో ఆయన దూది ఏకుతుంటే తెల్లగా లేచే నూగు, తుమ్ముకుంటూ కూడా అక్కడి నుంచి కదలని పిల్లలు. ఆ చప్పుడు తలుచుకుంటే నాకు మాత్రం మా వాకిలి గుర్తుకు రాదు. మల్దకల్ అవతల ఒక చిన్న పల్లె, అక్కడి మట్టి మిద్దె, దాని ముందు నులకమంచం మీద కూర్చున్న ఒక ముసలమ్మ గుర్తుకొస్తారు.

నలభై ఏళ్ళు దాటిన మాట. గద్వాలలో పిల్లలకు చరిత్ర పాఠాలు చెబుతూ, పరిశోధన కూడా మొదలుపెట్టిన రోజులు. తెల్లదొరల కాలంలో ఒప్పంద కూలీలుగా సముద్రం దాటి చెరుకు తోటలకు పోయినవాళ్ళ చరిత్ర నేను ఎంచుకున్న అంశం. కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, గడువు తీరేదాకా తోట విడిచి కదలకూడదనే షరతు మీద ఓడ ఎక్కించేవారు. గడువు తీరాక తిరిగి వచ్చినవాళ్ళు ఎందరో, అక్కడే మిగిలిపోయినవాళ్ళూ అందరే. మా గురువుగారు చాలా మంచివారు గానీ, ఇలా పోయినవాళ్ళంతా సముద్రతీర జిల్లాలవాళ్ళేననీ, నిజాం ఇలాకాలోని మన మెట్ట పల్లెల్లో వెతకడం నూతిలో నావను వెతకడంలాంటిదనీ అనేవారు. తుంగభద్ర దాటితే అవతలి గట్టు ఇంగ్లీషువాళ్ళ రాజ్యమే కదా, కరువులో ఆకలైన మనిషి ఏ గట్టు ఎవరిదని చూసుకుంటాడా అని నాకు లోపల ఉండేది. పైకి అనే ధైర్యం లేదు.

మాతో పనిచేసే ఉర్దూ అధ్యాపకుడు ఒకరోజు టీ తాగుతూ నా గోడు విన్నాడు. వాళ్ళ పూర్వీకులు దూదేకే వృత్తివాళ్ళు. ఇంట్లో మాట్లాడేది మనలాగే తెలుగు. “మా పెద్దమ్మ వాళ్ళ నాయిన గట్లనే పోయిండంట మేడం. జర ఆమెతోని మాట్లాడుండ్రి,” అన్నాడు. ఆ ఆదివారమే బస్సెక్కాం.

ఆ పెద్దమ్మ ఎనభై దాటిన మనిషి. చూపు మందగించింది గానీ మాట గట్టిగా ఉంది. వానలు మొహం చాటేసిన ఏడు పత్తి పండలేదట, పరుపులు ఏకించుకునే స్తోమత ఎవరికీ లేదట. అప్పటికి ఆమె ఉయ్యాలలో పిల్ల. తండ్రి తన విల్లును ఇంట్లో గోడకు ఆనించి, తోడుకు ఒక స్నేహితుణ్ణి తీసుకుని నది దాటి కర్నూలు వైపు పనికి పోయాడు. అక్కడెవరో కడుపునిండా అన్నం పెట్టించి, చెన్నపట్నంలో పని ఉందని రైలెక్కించారు. ఓడ ఎక్కే వేళకు స్నేహితుడు సముద్రాన్ని చూసి భయపడి, రేవు నుంచి పారిపోయి వచ్చాడు. తండ్రి ఓడ ఎక్కాడన్న కబురు అతడే తెచ్చాడు. ఆ తర్వాత మరే కబురూ లేదు. తల్లి నల్లపూసలు తీయకుండానే ముసలిదై, వాటితోనే కన్నుమూసింది.

ఆపైన ఆమె చెప్పిన మాట నన్ను నిలువునా కదిపింది. ఏటా షబే బరాత్ పండుగకు ఇంట్లో పోయినవాళ్ళందరి పేరుతో ఫాతిహా చదివిస్తారు. తండ్రి పేరుతో మాత్రం ఇంతవరకూ చదివించలేదట. ఆయన ఇప్పుడు ఉండి ఉంటే నూరేళ్ళు దాటేవి కదా అని నేను మెల్లగా అన్నాను.

“బతికి లేడని నాకు తెల్వదా బిడ్డా? తెలుసు. గని ఎవలో ఒకలు వచ్చి చెప్పాలె గద. ఎవలు చెప్పకుంట, కన్నబిడ్డనే సంపుకుంటదా నాయినను?”

నేను రాసుకోవడం ఆపేశాను. ఎప్పుడో ముగిసిపోయిందని నేను అనుకుంటున్న చరిత్ర ఆ ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది. ఒక సామ్రాజ్యం వచ్చి పోయింది, నిజాం పాలనా పోయింది, ఆ మట్టి మిద్దెలో ఇద్దరు ఆడవాళ్ళు, తల్లి తర్వాత కూతురు, ఒక మనిషిని చనిపోనివ్వకుండా పట్టుకుని ఉన్నారు.

ఆ తర్వాత ఏడాదో రెండేళ్ళో గడిచాక హైదరాబాదులో ఒక సభలో మారిషస్ నుంచి వచ్చిన పెద్దాయన కలిశారు. బడిపంతులుగా పనిచేసి విరమించినవారు, తాతల నాడు చెరుకు తోటలకు పోయిన తెలుగు కుటుంబం. ఆయన తెలుగు వింటుంటే మా నాయనమ్మ పాటల్లోని తెలుగు విన్నట్టుండేది, సముద్రం మీద ఎక్కడా తడవకుండా వచ్చినట్టు. నాది ఏ ఊరని అడిగితే గద్వాల అన్నాను. ఆయన చేతిలోని కప్పు కింద పెట్టేశారు.

“గద్వాల్ అనునది ఊరా అమ్మా? అది మనిషి పేరని తలచినాను,” అన్నారు.

ఆయన పుట్టిపెరిగిన తోటలో, కూలీల ఇళ్ళ వరుసలో, గద్వాల్ తాత అని ఒక ముసలాయన ఉండేవారట. తురకాయన, ఒంటరి. పగలంతా చెరుకు నరికి వచ్చి, సాయంత్రాలు తానే చేసుకున్న విల్లుతో బూరుగుదూది ఏకేవారట. ఆ వరుసలో ఏ ఇంట బిడ్డ పుట్టినా, హిందువైనా ముసల్మానైనా, ఆయన కుట్టిన చిన్న తలగడ వచ్చేదట. ఈ పంతులుగారు కూడా ఆ తలగడ మీదనే పెరిగారు. ఊళ్ళో ఒక బిడ్డను ఉయ్యాలలో వదిలి వచ్చానని తాత అప్పుడప్పుడు అనేవారని కూడా చెప్పారు.

నాకు వెంటనే భయం వేసింది. ఊరి పేరు కలిసింది, వృత్తి కలిసింది, బిడ్డ మాటా కలిసింది. అయినా ఆ కరువులో గద్వాల వైపు నుంచి ఇంకొక దూదేకేవాడు పోలేదని ఎవరు చెప్పగలరు? రుజువు లేని మాటను పుస్తకంలో రాయకూడదని నేర్చుకున్నదాన్ని, ఒక కన్నకూతురి చెవిన ఎలా వేయడం? మా సహోద్యోగిని అడిగితే, “ఆమె గింత కాలం ఆగింది మేడం. వచ్చిన కబురును మనమెందుకు ఆపాలె?” అన్నాడు. పంతులుగారు తన ప్రయాణం మార్చుకుని మాతో బయలుదేరారు. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీద బస్సు పోతుంటే కిటికీలోంచి తల తిప్పకుండా నీళ్ళనే చూశారు.

పల్లె చేరాక ఆయన ఆ ముసలమ్మ ఎదుట నేల మీద కూర్చున్నారు. తనకు తెలిసిందంతా, ఆ పాత తెలుగులో, తొందర లేకుండా చెప్పారు. అంతా విన్నాక ఆమె ఒక్కటే అడిగింది.

“మట్టి దొరికిందా అయ్యా? సముద్రంల ఏసిండ్రా?”

ఓడలోనే చచ్చినవాళ్ళను నీళ్ళలో వేస్తారని, పారిపోయి వచ్చిన స్నేహితుడు రేవులో విన్న మాట ఏనాడో ఆ ఇంట్లో అన్నాడట. ఆ భయాన్ని ఆమె బతుకంతా ఎవరికీ చెప్పకుండా మోసింది.

“మంటిలోనే పెట్టినారమ్మా. మా తాత, నాయన భుజము పట్టినారు. నమాజు చదివించినారు. వరుస ఇండ్లవారందరు పోయినారు. నేనును పోయినాను,” అన్నారు ఆయన.

ఆమె చేయి చాచి, తడుముకుంటూ ఆయన భుజం మీద పెట్టి, చాలాసేపు అలాగే ఉంచింది. ఆ మధ్యాహ్నం మా సహోద్యోగే ఫాతిహా చదివాడు. ఇరుగుపొరుగు వచ్చి నిలబడ్డారు, రెడ్లూ బోయలూ అందరూ. నేనూ పంతులుగారూ చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డాం.

బయలుదేరేముందు నా మనసు ఊరుకోలేదు. ఆ మనిషి మీ నాయనే అని నేను ఒట్టు వేసి చెప్పలేనమ్మా, ఇంకొకరు కూడా అయి ఉండవచ్చు అన్నాను. ఆమె నవ్వింది.

“మా నాయిన కాకుంటే ఇంకెవరి నాయినో అయితడు బిడ్డా. ఆయనకు గూడ ఒకలు సదవాలె గద.”

పెద్దపెద్ద గ్రంథాలు చదివాను, పండితుల ఉపన్యాసాలు విన్నాను. అంత పెద్ద మాట మళ్ళీ వినలేదు. ఆ ఏటి చలికాలంలోనే ఆమె వెళ్ళిపోయింది.

ఈ మధ్య నాగర్‌కర్నూలు నుంచి ఒక విద్యార్థిని వచ్చి, ఆనాటి ఓడల వివరాలు, కొందరు కూలీల ఫొటోలు కూడా ఫోనులోనే చూపించింది. మేము ఏళ్ళ తరబడి తిరిగి వెతికినది వేలి చివర కనబడుతుంటే కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. మన పల్లెల నుంచి ఇప్పటికీ బొంబాయికీ, దుబాయికీ పోతూనే ఉన్నారు. పొద్దున దిగితే పొద్దునే కబురు, ప్రమాదం జరిగితే శవం ఇల్లు చేరకముందే వీడియో. తెలియకుండా మిగిలే చావంటూ ఇప్పుడు లేదు, మంచిదే. అయితే ఆ చావు వార్త చేతిలోని తెర మీద వెలిగి, మరుక్షణం పక్కకు జరిగిపోతుంటే, ప్రయాణం మానుకుని వచ్చి, ముక్కూమొహం తెలియని ముసలమ్మ ఎదుట నేల మీద కూర్చుని, అడిగినదానికల్లా నెమ్మదిగా బదులు చెప్పే మనుషులు ఏమైపోయారా అని నాకు దిగులుగా ఉంటుంది.