నేను కడిగిన చేపల తొట్లు

మేము కల్లూరులో కాపురం పెట్టిన కొత్తలో, ఆ వైపు ఇల్లు కట్టిన ప్రతివాడికీ హాల్లో చేపలు తిరగాలని కోరిక పుట్టేది. మనుషులు తాగే నీళ్లకే కొళాయి దగ్గి దగ్గి మూడు రోజులకొకసారి వచ్చే ఊరు మాది. అలాంటి చోట చేపలకు బిందెలకు బిందెలు పోసి, అవి సుఖంగా ఉన్నాయా లేదా అని సోఫాలో కూర్చుని చూసేవాళ్లు. చేపలుంటే ఇంటికి మంచిదని ఎవరో వాస్తు ఆయన చెప్పాడట. (చేపలకు మంచిదా అని మాత్రం ఎవరూ అడగలేదు.) నేను ఎగతాళి చేయకూడదు, మా పొయ్యి వెలిగిందీ ఆ చేపల వల్లే. మా ఆయన అద్దాలు కోసేవాడు. కిటికీలకు, దేవుడి పటాలకు కోసి కోసి, తర్వాత చేపల తొట్లు కట్టడం నేర్చాడు. ఐదు అద్దం పలకలు, సందుల్లో సిలికాన్ గమ్ము, అంతే. కానీ ఆయన కట్టిన తొట్టి ఒక్క చుక్క కార్చింది లేదు. వీధిలో ఆయన్ను అద్దాలాయన అనేవాళ్లు. పెళ్లయి ఏడాది తిరగని నన్ను అద్దాలామె అంటే, నాకు ఊరు రాసిచ్చినట్టుండేది. ఇరవై ఏళ్లదాన్ని, బుద్ధి అంతే.

ఆ సంబరం మీదికి అక్రిలిక్ వచ్చి పడింది. ప్లాస్టిక్కే, కానీ అద్దంలాగే నిగనిగలాడుతుంది, బరువుండదు, కింద పడినా పగలదు. టౌన్లో ఒక అంగడాయన తయారు తొట్లు తెప్పించి వరసగా పేర్చాడు. అప్పట్నుంచి మా అంగడికి వచ్చినవాళ్లంతా అదే మాట. ఆఖరికి మా వీధి చివర పెద్ద ఇల్లు కట్టిన బ్యాంకు సారు, భార్యతో సహా వచ్చి నిలబడ్డాడు. వాళ్లకు హాల్లో ఐదడుగుల తొట్టి కావాలి. ఆ హాల్లో అద్దం తొట్టి పెడితే ఆ చుట్టుపక్కల కట్టే ఇళ్లన్నీ మా ఆయన చేతికే వస్తాయి. పెట్టకపోతే కిటికీలు కోసుకుంటూ కూర్చోవాలి.

"అక్రిలిక్ అయితే పగలదంట కదప్పా? మా ఇంట్లో పిల్లోళ్లు బంతులు ఇసిరేస్తాంటారు" అంది సారు భార్య.

"పగలదమ్మా, అబద్ధం చెప్పను. కానీ మన కొళాయిలో వచ్చే బోరు నీళ్లు ఎట్లుండాయో మీకు తెల్సు కదా. బకెట్టుకే తెల్లగ ఉప్పు కడతాది. అద్దానికి కడితే బ్లేడు పెట్టి గీకేస్తాం. దానికి బ్లేడు పెట్టినారంటే ఇంగ గీతలే. చేప యాడుండాదో ఎతుక్కోవల్ల."

"నీ సరుకు మంచిదని నువ్వు చెప్తాండావు, వాని సరుకు మంచిదని వాడు చెప్తాండాడు. నేనెవుర్ని నమ్మల్లప్పా?" అన్నాడు సారు.

"నన్నూ నమ్మొద్దు, ఆయప్పనూ నమ్మొద్దు సార్. రెండు చిన్న తొట్లు మా ఇంట్లో పక్కపక్కన పెడతా. నెల తర్వాత మీరే వచ్చి చూడండి."

అలా మా వసారాలోకి రెండు తొట్లు వచ్చాయి, మా ఆయన కట్టిన అద్దంది ఒకటి, టౌన్లో కొన్న అక్రిలిక్‌ది ఒకటి. ఇటుకల మీద కడప బండ పరిచి, దాని మీద పెట్టాడు. బండ పాలిష్ లేనిది, చేత్తో తడిమితే మిట్టలూ గుంతలూ తగిలేవి. అద్దం తొట్టి కింద మాత్రం తెల్లటి థర్మాకోల్ పలక ఒకటి వేశాడు. చూశాను, ఎందుకని అడగలేదు. (అడిగి ఉంటే ఈ కథే లేదు.) ఒక్కోదాంట్లో మూడేసి ఎర్ర చేపలు. కొళాయి వచ్చిన రోజు నేను వాటికి నీళ్లు పట్టి పెడుతుంటే మా అత్త మంచం మీద నుంచి, "నేను చెంబుడు నీళ్లడిగితే ఆగత్తా అంటావు, వాటికైతే ఉరుకుతాండావు. నేనూ ఆ తొట్లోకే దూకుతాలే మే" అనేది.

నెల తిరిగేసరికి రెండింటికీ తెల్లగా ఉప్పు కట్టింది. నాకు అసహ్యం, ఆయనకు ఆనందం. "సారు ముందర అద్దానికి బ్లేడు పెట్టి గీకి చూపిస్తా. తర్వాత ఆయన్నే అక్రిలిక్ గీకమంటా. నోరెత్తడు. నువ్వు మాత్రం దేన్నీ ముట్టుకోవద్దు మే" అని చెప్పి, సారును పిలుచుకు రావడానికి పోయాడు. విన్నాను. చెవుల్లో ఏ లోపమూ లేదు. కానీ పెద్దమనుషులు ఇంటికి వస్తుంటే ఆ తెల్ల మరకలు అట్లా ఎలా వదిలేస్తాను? వసారా కడిగాను, ముగ్గు వేశాను, గడప తుడిచాను. ఆ తొట్లేమో నన్నే చూస్తున్నాయి. ఆయన మొగోడు, ఇంటి శుభ్రం ఆయనకేం తెలుసులే అనుకున్నాను.

చేపల్ని బకెట్లోకి దింపి, నీళ్లు తోడి, కొబ్బరి పీచు, బూడిద తీసుకుని ముందు అక్రిలిక్ తొట్టిని పట్టాను. ఉప్పు పోయింది గాని, ఎంత తోమితే అంత పొగ కమ్మినట్టు అవుతోంది. "ఇంకా మురికుండాది, గట్టిగ తోము మే" అని అత్త. తోమాను. ఇత్తడి బిందెను కూడా అంత తోమి ఎరగను. అది ఇక తేరుకోదని తెలిశాక, పోనీ మా ఆయన తొట్టయినా మెరవాలని రెండోదాన్ని పట్టాను. అద్దం కదా, తళతళలాడింది. అడుగున కూడా కడుగుదామని నేనూ అత్తా ఎత్తితే, థర్మాకోల్ పలక అంచులు నల్లబడి, చీమలు కాపురం పెట్టి ఉన్నాయి. కొత్త టీవీ వచ్చినప్పుడు అట్టపెట్టెలో వస్తుందే, అలాంటి పనికిరాని ముక్కే, అడ్డం వేసి తీయడం మరిచిపోయాడనుకున్నాను. "సామానుతో వచ్చిన అట్ట గూడా తీయల్యా వీడు" అని మా అత్త దాన్ని దులిపి, చల్లటి గచ్చు మీద పీటలా వేసుకుని కూర్చుంది. నేను తొట్టిని నేరుగా బండ మీద పెట్టి నిండుగా నీళ్లు పోశాను. చేపల్ని వదిలాను. దాని ముందు నిలబడి మురిసిపోయాను కూడా.

సారు వచ్చాడు. మా ఆయన చేతిలో బ్లేడు ఉంది, గీకడానికి ఉప్పు లేదు. అక్రిలిక్ తొట్టిని చూసి సారు భార్య, "దీంట్లో చేపలుండాయా?" అని కళ్లు చిట్లించింది. మా ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, తేరుకుని, "చూసినారా అమ్మా, నెలకే ఎట్లయిందో. ఇంగ అద్దాన్ని చూడండి" అన్నాడు. అప్పుడే టిక్ మంది. పెద్ద చప్పుడేమీ కాదు, మెటిక విరిచినట్టు. అడుగు పలక ఈ మూల నుంచి ఆ మూలకు చీలి, నీళ్లన్నీ సారు కాళ్ల మీదికి దూకాయి. నా ముగ్గు పోయింది. చేపలు గచ్చు మీద కొట్టుకుంటుంటే చెంగుతో పట్టి ఆ పొగబట్టిన ప్లాస్టిక్ తొట్లోనే వేశాను. చివరికి వాటికి అదే దిక్కయింది.

మా ఆయన వంగి బండను అరచేత్తో తడిమాడు. చుట్టూ చూశాడు. కాళ్లు ఎత్తుకుని తెల్లటి పలక మీద కూర్చున్న తల్లిని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. బండ మిట్టలు అద్దానికి ఒత్తుకోకుండా వేసిన మెత్త అదని నాకప్పుడు వెలిగింది. నేను చెప్పాల్సింది అప్పుడే. ఒక్క ముక్క చాలు.

"ఏమైందప్పా?" అన్నాడు సారు.

"బండ మట్టం చూసుకోల్యా సార్. నాదే తప్పు."

బండకు మూడుసార్లు మట్టం పెట్టి చూసిన మనిషి ఆ మాట అన్నాడు. సారు ప్యాంటు పిండుకుంటూ, "గీతలు పడితే చూపానదు, అంతే గదా. ఇది ఇల్లు ముంచేట్టుండాదే" అని వెళ్లిపోయాడు. ఆయన హాల్లోకి ఐదడుగుల అక్రిలిక్ వచ్చింది. దాన్ని చూసి పక్కింటికి, ఆ పక్కింటికి. మా ఆయన మళ్లీ కిటికీలకు దిగాడు. ఆ పొద్దు అన్నం తింటూ, "అయినా ఏం తోమినావే! ఆ అంగడాయన చూస్తే ఏడుస్తాడు" అని ఒక్క నవ్వు నవ్వాడు. థర్మాకోల్ మాట ఎత్తలేదు. ఆ రోజే కాదు, ఎన్నడూ ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్లు తిన్నది ఎప్పటికైనా మరుపుకొస్తుంది.

ఆయన పోయి నాలుగేళ్లయింది. పదిమందీ అద్దాలాయన చెయ్యి తప్పిందని అనుకున్న ఆ మాటను నేను ఆయన బతికుండగా తుడవలేదు, ఇప్పుడు తుడిచినా వినేవాళ్లు లేరు. అంగట్లో నేనే కూర్చుంటున్నాను. ఎప్పుడో ఒకరు వచ్చి, "అక్కా, ఇంటికి అద్దం మేలా, అక్రిలిక్ మేలా?" అని అడుగుతారు. "అది తర్వాత చెప్తా గాని, మీ ఇంట్లో కడిగేదెవురు?" అంటాను. జోకు వేశాననుకుని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కొంగు బిగించి, మొగుడి పేరు నిలబెట్టాలని చెమటలు కార్చుకుంటూ తోముతున్న ఆ పిల్ల అప్పుడు నా కళ్ల ముందుకొస్తుంది. మొదట్లో నాలుగు పీకాలనిపించేది. ఇప్పుడు పక్కన కూర్చుని, సాల్లే మే, మెరిసింది సాలు, ఇంగ చెయ్యి తియ్యి అని చెప్పాలనిపిస్తుంది. అది వినదు.